ఫొటో పలక, వాయువు గొట్టం: వెలుతురు చేసే పనిని కొలిచిన డాక్టర్ డ్రేపర్

క్లుప్తంగా: జాన్ విలియం డ్రేపర్ (1811–1882) వైద్యం చదివి, జీవితమంతా రసాయన శాస్త్రం బోధించిన మనిషి. ప్రపంచంలో మొదటి మనిషి ఫొటో తీసింది ఈయనేనన్న మాట సోషల్ మీడియాలో తరచూ తిరుగుతుంటుంది. ఆ మాట నిలబడదు. దాని చాటున మరుగునపడిన పని మాత్రం చాలా పెద్దది. ఏ వెలుతురు ఒక పదార్థాన్ని మారుస్తుంది, ఎంత మారుస్తుంది అనే ఒకే ప్రశ్నను ఆయన వెండి పలక మీదా, వాయువులు నింపిన గాజు గొట్టంలోనూ వెతికాడు. అక్కడ తేలిన సూత్రం ఈనాటి ఆసుపత్రుల్లో కామెర్ల బిడ్డకు పెట్టే నీలి దీపం దాకా పనిచేస్తోంది.

## ఒక ఫొటో, రెండు తేదీలు

పూలు కుట్టిన టోపీ పెట్టుకుని, కెమెరా వైపు నేరుగా చూస్తున్న ఒక యువతి బొమ్మ ఇంటర్నెట్‌లో చాలామంది చూసే ఉంటారు. ఆమె డ్రేపర్ అక్క డొరొతీ కేథరిన్. బొమ్మ కింద కొన్నిచోట్ల 1839 అని, కొన్నిచోట్ల 1840 అని ఉంటుంది. "ప్రపంచంలో మొదటి స్త్రీ ఫొటో" అని ఒకరు, "మొదటి మనిషి ఫొటో" అని ఇంకొకరు రాస్తారు.

ఈ గందరగోళానికి కారణం రెండు వేర్వేరు సంగతులు కలిసిపోవడమే. డ్రేపర్ మనుషుల ముఖాలను పలక మీదికి ఎక్కించే ప్రయత్నాలు మొదలుపెట్టింది 1839 చివర్లో. ఇప్పుడు అందరూ చూస్తున్న డొరొతీ బొమ్మ అప్పటిది కాదు. 1840 జులైలో ఇంగ్లండులోని శాస్త్రవేత్త జాన్ హెర్షెల్‌కు రాసిన ఉత్తరంతో పాటు పంపిన పలక అది. దాన్ని తీయడానికి 65 సెకన్లు పట్టింది. మొదటి ప్రయత్నాల తేదీని తీసుకొచ్చి ఈ పలకకు అంటగట్టడంతో 1839 అనే మాట స్థిరపడిపోయింది.

ఇక "మొదటి" అనే మాట. పారిస్‌లో లూయీ డాగెర్ 1838లో తీసిన ఒక వీధి దృశ్యంలో, బూట్లు తుడిపించుకుంటూ కదలకుండా నిలబడ్డ మనిషి ఆకారం పడింది. వీధిలో నడుస్తున్నవాళ్ళెవరూ పడలేదు. ఫిలడెల్ఫియాలో రాబర్ట్ కార్నీలియస్ అనే దీపాల తయారీదారు 1839 శరదృతువులో తన ముఖాన్ని తానే తీసుకున్నాడు. ఆ పలక ఇప్పటికీ భద్రంగా ఉంది. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ వోల్కాట్ లెన్స్ బదులు పుటాకార దర్పణం పెట్టిన కెమెరాతో 1840 మార్చిలో పోర్ట్రెయిట్ స్టూడియోనే తెరిచాడు. ఒకే ఏడాదిలో, వందల మైళ్ళ దూరంలో, ఒకరికొకరు సంబంధం లేకుండా ఇంతమంది ఒకే పని మీద పడ్డారు. ఇలాంటి చోట మొదటివాడి కోసం పట్టుబట్టడం దండగ. ఎవరు ఎలా చేశారన్నది అడిగితేనే డ్రేపర్ ప్రత్యేకత కనబడుతుంది. మిగతావాళ్ళు ఫొటో తీశారు. డ్రేపర్ ఫొటో ఎందుకు పడుతుందో, ఎందుకు పడదో లెక్క తీశాడు.

## వైద్యుడికి ఈ పని ఎందుకు?

19వ శతాబ్దం మొదటి సగంలో రసాయన శాస్త్రం నేర్చుకోవాలంటే ఎక్కువగా వైద్య కళాశాలే దిక్కు. మందులు తయారు చేయాలి, విషాలు గుర్తుపట్టాలి, ఊపిరిలోకి వెళ్ళే వాయువేదో బయటికి వచ్చేదేదో తెలియాలి. అందుకే ప్రయోగశాల, సీసాలు, బ్యాటరీలు, అయోడిన్, వెండి లవణాలు అన్నీ డాక్టర్ల చేతికి అందేచోటే ఉండేవి. ఫొటోగ్రఫీ వార్త వచ్చిన వెంటనే దాన్ని చేసి చూడగలిగినవాళ్ళలో వాళ్ళు ముందుండటంలో వింత లేదు. ఎడిన్‌బరోలో సర్జన్, రసాయన బోధకుడు ఆండ్రూ ఫైఫ్ 1839లోనే వెండి ఫాస్ఫేట్ కాగితంతో బొమ్మలు తీశాడు. బొగ్గు గ్యాసు దీపాల వెలుగు మీదా పనిచేశాడు. ఫిలడెల్ఫియాలో డాక్టర్ పాల్ బెక్ గొడార్డ్ పలకకు బ్రోమిన్ ఆవిరి కూడా పట్టించి దాని చురుకుదనం పెంచాడు. మన దేశంలో కలకత్తా మెడికల్ కాలేజీ రసాయన ఆచార్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ 1839 అక్టోబరు నాటికే తాను తీసిన వెలుతురు బొమ్మలను ఏషియాటిక్ సొసైటీ ముందు పెట్టాడు. తర్వాత ఈ దేశంలో టెలిగ్రాఫ్ తీగలు వేయించింది కూడా ఆయనే.

డ్రేపర్ ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గరి సెయింట్ హెలెన్స్‌లో ఒక మెథడిస్టు బోధకుడి ఇంట పుట్టాడు. లండన్ యూనివర్సిటీలో ఎడ్వర్డ్ టర్నర్ దగ్గర రసాయనం చదివాడు. తండ్రి పోయాక, 1832లో కుటుంబం అమెరికాలోని వర్జీనియాకు వలస వెళ్ళింది. అక్కడ ఆయన వైద్యం చదువుకు డబ్బు సమకూర్చింది డొరొతీయే, ఆడపిల్లలకు పాఠాలు చెప్పి. ఆ ఫొటోలోని మనిషిని "శాస్త్రవేత్త అక్క" అని ఒక్క ముక్కలో తేల్చేయడం అన్యాయం. ఆ చదువు ఆమె చెమటతో వచ్చింది. 1836లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ నుంచి డ్రేపర్ ఎం.డి. పట్టా పుచ్చుకున్నాడు. వర్జీనియాలోని హాంప్‌డెన్-సిడ్నీ కాలేజీలో కొంతకాలం పనిచేసి, 1839లో న్యూయార్క్ యూనివర్సిటీకి చేరాడు. అక్కడ వైద్య కళాశాల పెట్టినవాళ్ళలో ఆయనొకడు.

డాగెర్ కనిపెట్టిన ఫొటో పద్ధతి వివరాలు 1839 ఆగస్టు 19న పారిస్‌లో బయటపెట్టారు. సెప్టెంబరుకల్లా న్యూయార్క్‌కు చేరాయి. అప్పటికే డ్రేపర్ వర్జీనియాలో సూర్యకిరణాల రసాయన ప్రభావం మీద కొన్నేళ్ళుగా ప్రయోగాలు చేసి, వ్యాసాలు అచ్చు వేసి ఉన్నాడు. కొత్త విద్య చేతికి రాగానే ఆయన దగ్గర ప్రశ్నలు సిద్ధంగా ఉన్నాయి.

## ముఖం ఎందుకు పడదు?

డాగెరోటైప్ అంటే వెండి పూత వేసిన రాగి పలక. దాన్ని అద్దంలా మెరిసేదాకా రుద్ది, అయోడిన్ ఆవిరి మీద పట్టుకుంటే పైన పల్చగా వెండి అయొడైడ్ పొర ఏర్పడుతుంది. కెమెరాలో వెలుతురు తగిలిన చోట ఆ పొరలో కంటికి కనబడని మార్పు వస్తుంది. పలకను వేడిచేసిన పాదరసం పైన ఉంచితే ఆవిరి ఆ మార్పు జరిగిన చోటే అంటుకుని తెల్లని బొమ్మ తేలుతుంది. మిగిలిన అయొడైడ్‌ను కడిగేస్తే బొమ్మ నిలిచిపోతుంది.

చిక్కల్లా సమయంతోనే. డాగెర్ కెమెరాతో మేడలు, విగ్రహాలు తీయడానికే నిమిషాలకు నిమిషాలు పట్టేది. మనిషి ఎండలో అంతసేపు కళ్ళార్పకుండా కూర్చోలేడు.

డ్రేపర్ దీన్ని ముక్కలుగా విడదీశాడు. మొదటిది లెన్స్. దాని వ్యాసం రెట్టింపైతే లోపలికి వచ్చే వెలుతురు నాలుగింతలవుతుంది. ఫోకల్ లెంగ్త్ తగ్గితే అదే వెలుతురు చిన్న జాగాలో గుమిగూడుతుంది. కాబట్టి వెడల్పాటి, పొట్టి ఫోకస్ ఉన్న లెన్స్ వాడితే బొమ్మ అంచులు కాస్త మసకబారినా సమయం బాగా తగ్గుతుంది. మేడ బొమ్మకు అంచులు ముఖ్యం, ముఖానికి మధ్యభాగం చాలు. ఈనాటి ఫోన్ కెమెరా ప్రకటనల్లో కనిపించే ఎఫ్ నంబరు ఈ లెక్కే చెబుతుంది.

రెండోది ఫోకస్. మామూలు లెన్స్ నీలి కిరణాలను పసుపు, ఎరుపు కిరణాల కంటే దగ్గరగా కలుపుతుంది. కంటికి స్ఫుటంగా కనిపించేది పసుపు వెలుతురు బొమ్మ. పలకను మార్చేది నీలి, ఊదా వెలుతురు. అంటే కన్ను సరిగ్గా ఉందని చెప్పిన చోట పలక పెడితే ఫొటో మసకగా వస్తుంది. డ్రేపర్ పలకను కాస్త ముందుకు, లెన్స్ వైపుకు జరిపి పెట్టమన్నాడు.

మూడోది మనిషి చర్మం. మొదట్లో ఆయన ముఖానికి పిండి రాయించాడు. దీన్ని వింత ముచ్చటగా చెప్పుకోవడం మామూలే గానీ, అందులో గట్టి తర్కం ఉంది. చర్మం నుంచి తిరిగి వచ్చే వెలుతురులో ఎరుపు, పసుపు పాలు ఎక్కువ. పలకకు అవి అవుపించవు. తెల్లపిండి నీలి వెలుతురును కూడా తిప్పికొడుతుంది, కాబట్టి ముఖం పలకకు "కనబడుతుంది". లెన్స్ కుదిరాక పిండి అవసరం పోయింది.

నాలుగోది ఎండ. అద్దాలతో సూర్యకాంతిని ముఖం మీదికి మళ్ళిస్తే కూర్చున్నవాళ్ళు కళ్ళు తెరవలేరు. మధ్యలో అమోనియా కలిపిన మైలుతుత్తం ద్రావణం నింపిన పెద్ద గాజు తొట్టి నిలబెట్టాడు. ముదురు నీలం రంగులో ఉండే ఆ ద్రావణం కళ్ళు చెదరగొట్టే పసుపు వెలుతురును, వేడిని ఆపేసి, పలకకు కావలసిన నీలాన్ని మాత్రం వదిలేస్తుంది. మనిషికి హాయి, పలకకు నష్టం లేదు.

కుర్చీ వెనక ఒక కర్ర, దాని చివర తల ఆనించుకోవడానికి ఇనప వలయం కూడా పెట్టించాడు. 1840లో అచ్చయిన వ్యాసంలో ఇంకో జాగ్రత్త చెప్పాడు: చేతులు ఛాతీ మీద పెట్టుకోకూడదు, ఊపిరికి ఛాతీ కదులుతుంటే చేతులు ఫొటోలో లావుగా, వికారంగా పడతాయి. ఈ మాటలో డాక్టరు కనబడతాడు. మనిషి ఎంత కదలకుండా కూర్చున్నా శరీరం లోపల ఆగని కదలిక ఒకటుంటుందని ఫొటోగ్రాఫర్ కంటే ముందు ఆయనకే తట్టింది.

అదే ఏడాది యూనివర్సిటీ భవనం పైకప్పు మీద, తన సహోద్యోగి శామ్యూల్ మోర్స్‌తో కలిసి గాజు గది కట్టించి పోర్ట్రెయిట్లు తీశాడు. టెలిగ్రాఫ్‌తో పేరు పడ్డ మోర్స్ ఈయనే. 1840 మార్చిలో చంద్రుడి బొమ్మ పలక మీద పడిందని న్యూయార్క్ లైసియం అనే శాస్త్ర సంఘం సభకు చెప్పాడు: 20 నిమిషాల సమయం, అంగుళం వెడల్పు బొమ్మ.

## పీల్చుకున్న వెలుతురే పని చేస్తుంది

పిండి, నీలి తొట్టి, జరిపిన పలక. ఈ మూడు చిట్కాలకీ అడుగున ఉన్న ఆలోచన ఒకటే. వెలుతురు ఎంత పడిందన్నది సగం మాటే. ఆ పదార్థం ఏ రంగును పీల్చుకుంటుందో ఆ రంగు మాత్రమే దాన్ని మార్చగలదు. తగిలి తిరిగి వచ్చేది, దూరి దాటిపోయేది రసాయనంగా ఏ పనీ చేయవు. 1840ల మొదట్లో డ్రేపర్ దీన్ని ప్రయోగాలతో చూపాడు. 1817లోనే జర్మన్ శాస్త్రవేత్త థియోడర్ గ్రొథుస్ ఈ మాట అన్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు. అందుకే ఇప్పుడు దీన్ని గ్రొథుస్–డ్రేపర్ నియమం అంటారు.

ఇది పుస్తకంలో మాత్రమే ఉండే నియమం కాదు. డిజిటల్ కెమెరాలు రాకముందు ఊళ్ళో ఫొటో స్టూడియో వెనక చీకటి గదిలో ఎర్ర బల్బు వెలుగుతుండేది. ఫొటోలు కడిగే కాగితం మీది వెండి లవణం ఎరుపును పీల్చుకోదు; అందుకే ఆ గదిలో మనిషి చూడగలడు, కాగితం చూడలేదు. ఇంట్లో ముత్తవ్వల కాలం నాటి పెళ్ళి ఫొటో ఉంటే, అందులో కుంకుమ బొట్టు చూడండి. ఎర్రగా మెరవాల్సిన చుక్క నల్లగా పడి ఉంటుంది. పాత పలకలకు ఎరుపంటే చీకటే.

దగ్గు మందు సీసా గోధుమ రంగులో ఉండటానికీ ఇదే కారణం. మందును పాడుచేసే నీలి, అతినీలలోహిత కిరణాలను సీసా తానే పీల్చేసుకుంటుంది. పుట్టిన బిడ్డకు కామెర్లు వస్తే నీలి దీపం కింద పడుకోబెడతారు. బిడ్డ ఒంట్లో పేరుకున్న బిలిరుబిన్ పసుపు రంగులో కనబడుతోందంటే అది నీలాన్ని మింగేస్తోందని అర్థం. మింగిన నీలమే దాన్ని ఒంట్లోంచి బయటికి పోగలిగే రూపంలోకి మారుస్తుంది. కంగారుపడుతున్న తల్లిదండ్రులకు ఆ నీలి దీపం ఏదో కరెంటు వైద్యంలా అనిపించవచ్చు. అక్కడ జరుగుతున్నది డాగెరోటైప్ పలక మీద జరిగిన పని లాంటిదే.

## క్లోరిన్ గొట్టం: వెలుతురుకు మీటరు

ఫొటో పలకతో డ్రేపర్‌కు ఒక ఇబ్బంది ఉంది. అది చివరికి బొమ్మ చూపిస్తుంది తప్ప, ఈ క్షణంలో ఎంత పని జరుగుతోందో చెప్పదు. ఇంటి కరెంటు మీటరులా, వాడకాన్ని అప్పటికప్పుడు చూపే సాధనం కావాలి. దానికోసం ఆయన వాయువుల వైపు తిరిగాడు.

వాయువులు ఆయనకు కొత్త కాదు. వైద్య విద్యార్థిగా ఉన్నప్పటి నుంచే, వాయువులు పల్చటి పొరల గుండా ఎలా దాటతాయో చూడటం మొదలుపెట్టాడు. సబ్బు బుడగ పొర కూడా అందులో ఒకటి. ఊపిరితిత్తిలో గాలికీ రక్తానికీ మధ్య ఉండేది తడిసిన పల్చటి పొరే కదా. బొగ్గుపులుసు వాయువు నీళ్ళలో బాగా కరుగుతుంది కాబట్టి తడి పొరను సులువుగా దాటేస్తుంది. హైడ్రోజన్ లాంటి తేలిక వాయువుకు ఆ వెసులుబాటు లేదు. తేలికైనదే ముందు దాటాలనే ఊహ ఇక్కడ పనిచేయదు.

క్లోరిన్, హైడ్రోజన్ సమపాళ్ళలో కలిపి చీకట్లో ఉంచితే ఏమీ జరగదు. ఎండలో పెడితే పేలుతుంది. ఈ సంగతి 1809లోనే ఫ్రాన్సులో గేలుసాక్, థెనార్డ్ గమనించారు. పేలేదాన్ని నెమ్మదిగా నడిపించి కొలతకు వాడుకోవడం డ్రేపర్ చేసిన పని. 1843లో ఆయన ప్రకటించిన పరికరం వంచిన గాజు గొట్టం. అందులో క్లోరిన్ బాగా కరిగించిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అడుగున ప్లాటినం తీగలు, వాటికి బ్యాటరీ. కరెంటు పెడితే రెండు వాయువులూ సమానంగా పుట్టి గొట్టం మూసిన కొమ్ములో చేరతాయి. అక్కడ వెలుతురు పడితే రెండూ కలిసి హైడ్రోజన్ క్లోరైడ్ అవుతాయి, అది వెంటనే ద్రవంలో కరిగిపోతుంది. వాయువు తగ్గిన మేరకు ద్రవం పైకి జరుగుతుంది. పక్కన గీతల స్కేలు చూసి, ఇన్ని సెకన్లలో ఇన్ని గీతలు అని రాసుకోవడమే. వాయువు అయిపోతే మళ్ళీ కరెంటు పెట్టి పుట్టించుకోవచ్చు. కొవ్వొత్తి దగ్గరికి తెచ్చినా, విద్యుత్ నిప్పురవ్వ మెరిసినా ఆ గొట్టంలో కదలిక కనబడేది. పట్టకం విడదీసిన రంగుల్లో దీన్ని అటూ ఇటూ జరిపితే నీలిమందు రంగు దగ్గర అన్నిటికంటే వేగంగా జరిగింది. పసుపుపచ్చగా కనిపించే క్లోరిన్ ఆ వైపు కిరణాలనే పీల్చుకుంటుంది. పలక చెప్పిందే గొట్టమూ చెప్పింది, ఈసారి అంకెలతో.

పరికరానికి ఆయన టిథోనోమీటర్ అని పేరు పెట్టాడు. గ్రీకు పురాణంలో ఉషస్సు భర్త పేరు టిథోనస్. ఈ పేరు వెనక ఒక తప్పు ఊహ కూడా ఉంది. వెలుతురు, వేడి కాక, రసాయన మార్పు తెచ్చే "టిథోనిక్ కిరణాలు" వేరే ఒక జాతి అని ఆయన అప్పట్లో నమ్మాడు. తన సూత్రాన్ని చివరిదాకా లాగితే అలాంటి జాతి అక్కర్లేదు: ఒకే వెలుతురు, దేన్ని ఏ పదార్థం పీల్చుకుంటుందన్నదే తేడా. 1870లకు వచ్చేసరికి డ్రేపర్ ఆ మాటే రాశాడు. తన పాత ఊహను తానే వదులుకోగలగడం చిన్న సంగతేం కాదు.

గొట్టంలో ఇంకో చిక్కు ఎదురైంది. వెలుతురు పడగానే పని మొదలవదు; కాసేపు ఏమీ జరగదు, తర్వాత ఊపందుకుంటుంది. వెలుతురు తగిలిన క్లోరిన్ స్వభావమే మారిపోతోందని డ్రేపర్ అనుకున్నాడు. 1850ల్లో జర్మనీలో బున్సెన్, ఆయన శిష్యుడు రాస్కో ఈ గొట్టాన్నే మెరుగుపరచి, ఆ ఆలస్యాన్ని జాగ్రత్తగా కొలిచారు. వెలుతురు తీవ్రతను సమయంతో గుణిస్తే వచ్చేదే రసాయన ఫలితానికి కొలత అని స్థిరపరిచారు. ఫొటోగ్రాఫర్లు షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సగానికి తగ్గించినప్పుడు లెన్స్ కన్ను రెట్టింపు తెరిచేది ఈ లెక్కతోనే. ఆ ఆలస్యానికి కారణం 20వ శతాబ్దం మొదట్లో గానీ దొరకలేదు: అమోనియా లాంటి మలినాలు ముందు అడ్డుపడతాయి, అవి ఖర్చయ్యాకే అసలు పని సాగుతుంది.

అంతకంటే పెద్ద వింత తర్వాత తేలింది. ఒక్కో కాంతి కణానికి ఒక్కో అణువు మారాలని లెక్క వేస్తే, ఇక్కడ వేలు, లక్షల అణువులు మారుతున్నాయి. వెలుతురు ఒక క్లోరిన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది. ఆ క్లోరిన్ పరమాణువు హైడ్రోజన్ అణువు మీద పడి ఒక హైడ్రోజన్ పరమాణువును విడిపిస్తుంది. అది ఇంకో క్లోరిన్ అణువు మీద పడుతుంది. దీపావళి టపాకాయల సరంలా ఒకటి అంటుకుంటే వరసంతా అంటుకుంటుంది. 1918లో వాల్టర్ నెర్న్‌స్ట్ ఈ గొలుసును వివరించాడు. డ్రేపర్ గొట్టం ఒక కొవ్వొత్తికే స్పందించడానికి రహస్యం అదే. ఆయనకు తెలియకుండానే అతి సున్నితమైన వాయువు జంటను ఎంచుకున్నాడు.

## ఆకు దగ్గర పొరపాటు

1843లో డ్రేపర్ ఇదే ప్రశ్నను చెట్ల మీదికి తీసుకెళ్ళాడు. బొగ్గుపులుసు వాయువు కరిగించిన నీళ్ళలో గడ్డి ఆకులు వేసి, ఆ గొట్టాలను పట్టకం విడదీసిన రంగుల్లో వరసగా పెట్టాడు. ఏ గొట్టంలో ఎక్కువ బుడగలొస్తే ఆ రంగే ఆకుతో పని చేయిస్తున్నట్టు. పసుపు దగ్గర ఎక్కువ వచ్చాయి. ఆకుకు ఆహారం వండిపెట్టేది పసుపు వెలుతురు అని తేల్చాడు.

ఇది తప్పు. అది తప్పని చెప్పే ఆధారం ఆయన చేతిలోనే ఉండటం ఇందులో గమనించాల్సిన విషయం. పత్రహరితం ఎక్కువగా పీల్చేది ఎరుపును, నీలాన్ని. పీల్చిందే పని చేయాలి కదా, మరి అంతగా పీల్చని పసుపు ముందు ఎలా నిలిచింది? సందు వెడల్పు వల్ల. గొట్టాలన్నిటికీ చాలినంత వెలుతురు రావాలని కిరణం దూరే సందును వెడల్పు చేస్తే రంగులు ఒకదానిపై ఒకటి పొర్లుతాయి. మధ్యలో ఉన్న పసుపు మీదికి ఎరుపు కూడా వచ్చి పడుతుంది. బుడగలు పుట్టించింది ఆ ఎరుపు, పేరు పసుపుకు వచ్చింది. 1870ల్లో రష్యన్ శాస్త్రవేత్త తిమిర్యాజెవ్ సన్నటి సందుతో ప్రయోగం మళ్ళీ చేసి ఎరుపే ముందుందని చూపాడు. 1882లో ఎంగెల్‌మాన్ నాచు పోగు మీద రంగుల పట్టీ వేసి, ప్రాణవాయువు కోసం బాక్టీరియా ఎరుపు, నీలం దగ్గర గుమిగూడటం మైక్రోస్కోపులో చూశాడు.

పసుపు కంటికి అన్నిటికంటే కాంతివంతంగా కనిపిస్తుంది కాబట్టి ఆ ఫలితాన్ని నమ్మడం సులువైంది. ఫొటో పలక విషయంలో కంటిని నమ్మొద్దన్న మనిషే ఆకు విషయంలో ఆ జారుడు మీద జారాడు. అయినా ఈ ప్రయోగాన్ని తీసిపారేయలేం. రంగు రంగుకూ విడిగా ఆకు పనిని కొలవాలన్న పద్ధతి సరైనదే. తర్వాతివాళ్ళు సరిదిద్దింది సందునే.

## కొలిమిలో ఎరుపు

కొలిమిలో పెట్టిన ఇనుము ఏ వేడి దగ్గర ఎర్రబడుతుంది? 1847లో డ్రేపర్ ప్లాటినం పట్టీలో కరెంటు పంపి, అది సాగిన కొలతతో వేడిని లెక్కగట్టాడు. సుమారు 525 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో కంటికి మొదటి మసక ఎరుపు కనబడింది. ఇనుమైనా, సుద్దయినా, ఇటుకైనా అదే వేడి దగ్గర మొదలవుతుంది. దీన్నే డ్రేపర్ బిందువు అంటారు. వేడి పెరిగేకొద్దీ ఎరుపు తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం కలుస్తాయని కూడా చూశాడు. పుష్కరం తర్వాత జర్మన్ శాస్త్రవేత్త కిర్కాఫ్ ఈ దారిలోనే నడిచి వేడి, వెలుతురుల సంబంధాన్ని సిద్ధాంతంగా నిలబెట్టాడు.

## గుంటూరు దాకా వచ్చిన దారి

సూర్యకాంతిని పట్టకంతో విడదీస్తే రంగుల మధ్య నల్లటి సన్న గీతలు కనిపిస్తాయి. 1842 ప్రాంతాల్లో ఈ గీతలను ఫ్రాన్సులో ఎడ్మండ్ బెకరెల్, అమెరికాలో డ్రేపర్ ఎవరికి వారు ఫొటో పలక మీదికి ఎక్కించారు. కంటికి అందని అతినీలలోహితంలోనూ గీతలున్నాయని తేలింది. డ్రేపర్ పలకల్లో ఎరుపుకు అవతల, పరారుణం వైపు కూడా కొన్ని పట్టీలు పడ్డాయి. ఫొటో అంటే చూసినదాన్ని దాచుకునే విద్య అని అప్పటిదాకా అందరి ఊహ. చూడలేనిదాన్ని చూపగలదని ఈ పలకలు నిరూపించాయి.

ఆ గీతలు వాయువుల సంతకాలని 1859–60లో కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. ఒక్కో వాయువు తనకంటూ కొన్ని రంగులనే పీల్చుకుంటుంది, వేడెక్కితే అవే రంగులను వదులుతుంది. ఫొటో పలక దగ్గర మొదలైన ప్రశ్న, వాయువు గొట్టం దగ్గరికి వెళ్ళిన ప్రశ్న ఇక్కడ కలుసుకున్నాయి. వాయువును సీసాలో పట్టక్కర్లేదు, దాని వెలుతురు అందితే చాలు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రెంచి శాస్త్రవేత్త పియెర్ జాన్సెన్ గుంటూరులో స్పెక్ట్రోస్కోపు, అంటే వెలుతురును రంగులుగా విడదీసి చూపే సాధనం, పెట్టుకున్నాడు. మేజర్ టెనంట్ బృందం కూడా గుంటూరులోనే గ్రహణాన్ని ఫొటో పలకల మీదికి ఎక్కించింది. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వచ్చాడు. సూర్యుడి అంచున లేచే మంటల వర్ణపటంలో (విడదీసిన రంగుల పట్టీలో) మెరిసే గీతలు కనబడ్డాయి. ఆ మంటలు ప్రధానంగా హైడ్రోజన్ అని రుజువైంది. వాటితో పాటు ఒక పసుపు గీత కూడా కనిపించింది. మొదట అందరూ దాన్ని సోడియం గీత అనుకున్నారు. ఆ అక్టోబరులో ఇంగ్లండు నుంచి నార్మన్ లాకియర్ కచ్చితంగా కొలిచి, దాని చోటు వేరని చూపాడు. తెలిసిన ఏ పదార్థానికీ ఆ గీత కుదరలేదు. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అనే పేరు వచ్చింది.

ఆ రోజు గుంటూరులో డ్రేపర్ లేడు, అక్కడ జరిగినది ఆయన ఘనతా కాదు. ఆ దారిలో ఇంటి నుంచి ముందుకు నడిచింది ఆయన కొడుకు హెన్రీ. హెన్రీ కూడా వైద్యుడే. 1872లో ఒక నక్షత్రం వర్ణపటాన్ని గీతలతో సహా ఫొటో తీశాడు. 1880 సెప్టెంబరు 30న ఓరియన్ నెబ్యులా అనే అంతరిక్ష వాయు మేఘానికి మొదటి ఫొటో తీశాడు. 1882 జనవరిలో తండ్రి, నవంబరులో కొడుకు పోయారు. హెన్రీ భార్య మేరీ అన్నా ఇచ్చిన డబ్బుతో హార్వర్డ్ అబ్జర్వేటరీ రెండు లక్షల పాతిక వేల పైచిలుకు నక్షత్రాలను వాటి వర్ణపటం ఫొటోలను బట్టి వర్గీకరించింది. నక్షత్రాల పేర్ల ముందు కనిపించే హెచ్‌డి అనే రెండక్షరాలు హెన్రీ డ్రేపర్‌వే.

డొరొతీ పలక చాలాకాలం హెర్షెల్ కుటుంబం దగ్గరే ఉంది. 1930ల్లో ఎవరో శుభ్రం చేయబోతే బొమ్మ చాలావరకు చెరిగిపోయింది. గుంటూరులో కనబడిన పసుపు గీత తాలూకు వాయువు మాత్రం 1895లో విలియం రామ్సే ప్రయోగశాలలో, యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి బయటపడింది. వెలుతురులో ముందు తెలిసిన ఆ వాయువు గాజు గొట్టంలోకి రావడానికి 27 ఏళ్ళు పట్టింది.